శివారు పొలంలో ఇరవై వేల పౌండ్లు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో సీఏ చేసి నాలుగేళ్లు ఆడిట్‌లో పనిచేశాను. మావారి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వల్ల ఏడాది కిందట డిపెండెంట్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చాను. స్లౌలో ఉంటున్నాం, పైన్‌వుడ్ స్టూడియో దగ్గరే. నాకు సినిమా అంటే ప్రాణం, లెక్కలంటే ఇష్టం. ఇక్కడ ఫిల్మ్ ఫైనాన్స్ ఎగ్జిక్యూటివ్ అనే ఉద్యోగం ఉంటుందని తెలిసినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. ఈమధ్య పరిచయమైన ఒక దర్శకుడు, ఇక్కడి తెలుగువాళ్ల దగ్గర 20,000 పౌండ్లు పోగుచేసి తెస్తే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా నా పేరు వేస్తానన్నారు. పెట్టిన డబ్బులో నలభై శాతం ప్రభుత్వమే వెనక్కిస్తుందట. మా బాబాయి ఒకప్పుడు వెస్ట్ గోదావరికి ఒక సినిమా కొని రెండెకరాలు అమ్ముకున్నారు. అప్పటి నుంచి ఇంట్లో సినిమా మాటెత్తితే నాన్న లేచి వెళ్లిపోతారు. ఆయనకు ఏం చెప్పాలి? నేనేం చేయాలి?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదట ఆ ఇరవై వేల సంగతి తేలుద్దాం. అది తొందరగా తేలాల్సిన విషయం, మిగతావి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

ఆ డబ్బు పోగుచేయకండి. ఆ దర్శకుడు మోసగాడని నేను అనడం లేదు. సినిమా తీయాలన్న ఆరాటంలో విన్నదాన్ని విన్నట్టు చెప్పి ఉండవచ్చు. కానీ ఆయన చెప్పిన నలభై శాతం ఎక్కడిదో చూడండి. 2024 ఏప్రిల్ 1 తర్వాత షూటింగ్ మొదలైన చిన్న, మధ్యస్థ బడ్జెట్ సినిమాలకు బ్రిటన్ ప్రభుత్వం 53 శాతం ట్యాక్స్ క్రెడిట్, అంటే పన్ను రాయితీ ఇస్తోంది. దాని మీద 25 శాతం కార్పొరేషన్ ట్యాక్స్ పోతే 39.75 మిగులుతుంది. ఆయన చెప్పిన నలభై ఇదే. అయితే అది మొత్తం బడ్జెట్ మీద లెక్కగట్టేది కాదు. సినిమా తయారీకి నేరుగా అయిన ఖర్చులో ఎక్కువలో ఎక్కువ 80 శాతం మీద మాత్రమే. తయారీ ఖర్చు 10 లక్షల పౌండ్లనుకోండి, అంతా బ్రిటన్‌లోనే అయిందనుకోండి. అందులో 8 లక్షలు తీసుకుంటారు. దాని మీద 53 శాతం అంటే 4,24,000. పన్ను పోగా 3,18,000. నూటికి 32 కూడా కాదు. వడ్డీలు, పబ్లిసిటీ, కథ మీద ముందు పెట్టిన ఖర్చులు ఆ లెక్కలోకే రావు. మీరు సీఏ, ఈ లెక్క నాకంటే వేగంగా వేయగలరు. ఆయన చెప్పగానే కాగితం మీద వేసి చూసుకోకపోవడమే పొరపాటు.

ఇంకో సంగతి. ఆ డబ్బు మీకు రాదు, మీ స్నేహితులకూ రాదు. సినిమా నిర్మించే కంపెనీకి వస్తుంది. అదీ బీఎఫ్‌ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) నుంచి బ్రిటిష్ సినిమా అని సర్టిఫికెట్ తెచ్చుకుని, అంటే కల్చరల్ టెస్ట్‌లో 35 పాయింట్లకు కనీసం 18 తెచ్చుకుని, కంపెనీ ట్యాక్స్ రిటర్న్‌తో పాటు క్లెయిమ్ పెట్టుకున్నాక. షూటింగ్‌కు మాత్రం డబ్బు ముందే కావాలి. అందుకని ఆ రాబోయే క్రెడిట్‌ను చూపించి ఎవరి దగ్గరో అప్పు తెస్తారు. చెక్కు వచ్చిన రోజున అది అప్పిచ్చిన వాడిదే.

మీరు ఇంతవరకూ ఆలోచించని ప్రమాదం ఒకటుంది. ఈ దేశంలో 2000 నాటి ఫైనాన్షియల్ సర్వీసెస్ అండ్ మార్కెట్స్ చట్టంలో 21వ సెక్షన్ అని ఉంది. అనుమతి లేనివాళ్లు ‘ఇందులో పెట్టుబడి పెట్టండి’ అని జనాన్ని పిలవడం నేరమని అది చెబుతుంది. కొన్ని మినహాయింపులున్నాయి కానీ, వాట్సాప్ గ్రూపులో తెలిసినవాళ్లందరికీ మెసేజ్ పెట్టేయడం వాటిలోకి వస్తుందని అనుకోవద్దు. రేపు డబ్బు పోతే వాళ్లు దర్శకుడిని అడగరు, మిమ్మల్ని అడుగుతారు. స్లౌలో కూరగాయల షాపుకెళ్లినా, గుడికెళ్లినా వాళ్లే ఎదురవుతారు.

ఇక ఆ ఇరవై వేలు వెనక్కి వచ్చే దారి. ఇక్కడి నుంచి మీరడిగిన ఉద్యోగం గురించే మాట్లాడుతున్నాను. సినిమాకు వచ్చే డబ్బు ఎవరికి ముందు, ఎవరికి వెనక అనే వరుసను ఇక్కడ వాటర్‌ఫాల్ అంటారు. డెల్టాలో పుట్టిన మీకు జలపాతం కంటే కాలువ బాగా తెలుస్తుంది. టికెట్ మీద 20 శాతం వ్యాట్ పోతుంది. హాలు వాళ్ల వాటా పోతుంది. డిస్ట్రిబ్యూటర్ కమిషన్, ప్రింట్లు పోస్టర్ల ఖర్చు పోతాయి. అప్పుడు మిగిలిన నీరు కలెక్షన్ అకౌంట్ అనే ఖాతాలోకి వస్తుంది. అక్కడా తూములున్నాయి. మొదట ఖాతా నడిపేవాళ్ల ఫీజు, తర్వాత దేశదేశాలకు సినిమా అమ్మిన సేల్స్ ఏజెంట్ కమిషన్, ఖర్చులు, ఆ తర్వాత బ్యాంకు అప్పు వడ్డీతో సహా, బ్యాంకు ఇవ్వనంటే ఎక్కువ వడ్డీకి ఇచ్చిన మరొకరి అప్పు. వీళ్లందరి పొలాలూ తడిశాకే సొంత డబ్బు పెట్టినవాళ్ల వంతు. మీ ఇరవై వేలు ఉండేది శివారు ఆయకట్టులో. నీళ్లు ఎప్పుడైనా అందవచ్చు, అందకనే పోవచ్చు. ఒప్పందంలో ఏ తూము దగ్గర ఉంటామో రాయించుకోకపోతే అది పొలం కూడా కాదు, గట్టు.

ఫిల్మ్ ఫైనాన్స్ ఎగ్జిక్యూటివ్ అంటే ఆ కాలువ మీద లస్కరు లాంటివాడు. ఏ తూము ఎంత, ఎప్పుడు తెరవాలి అనేది ముందే కాగితం మీద రాసి, అందరి చేతా సంతకం పెట్టించి, ఆ రాసిన ప్రకారం నీళ్లు వెళ్తున్నాయో లేదో చూసే మనిషి. సినిమా పార్టీల్లో చెక్కుబుక్కు పట్టుకుని తిరిగే మనిషి అని చాలామంది అనుకుంటారు. నేను ఈ పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. నా రోజుల్లో ఎక్కువ భాగం షెడ్యూళ్లు, కాస్ట్ రిపోర్టులు, ఒప్పందాల్లో అంకె తప్పులు, రాత్రి పదింటికి లాయర్లతో ఫోన్లు. అయినా ఇంకో పని చేయాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు. ఒక కథ తెరమీదికి రావడానికి కావలసిన చివరి లక్ష పౌండ్లు ఎక్కడినుంచి వస్తాయో తెలియక అందరూ తల పట్టుకున్నప్పుడు, ఆ దారి కనిపెట్టడంలో ఉన్న సంతోషం వేరు.

ఈ పని ఉండే చోట్లు ఇక్కడ ముఖ్యంగా నాలుగు. అప్పులిచ్చే బ్యాంకులు, ఫండ్లు. సేల్స్ కంపెనీలు. బీఎఫ్‌ఐ, ఫిల్మ్4, బీబీసీ ఫిల్మ్ లాంటి ప్రజల డబ్బుతోనో, చానెల్ డబ్బుతోనో నడిచే సంస్థలు. ప్రభుత్వం సినిమాకు డబ్బివ్వడం ఇక్కడ కొత్త కాదు, 1949లోనే నేషనల్ ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ పెట్టారు. నాలుగోది, నా మనసుకు దగ్గరిది, కంప్లీషన్ గ్యారంటీ కంపెనీ. మన దగ్గర దీనికి సరైన పోలిక లేదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

సగంలో ఆగిపోయిన సినిమాకు విలువ ఉండదు. బ్యాంకు భయం అదే. అందుకని మూడో మనిషి వచ్చి, ‘ఈ స్క్రిప్టు ప్రకారం, ఈ తేదీకి, ఈ బడ్జెట్‌లో సినిమా పూర్తయి చేతికొస్తుంది. ఖర్చు దాటితే ఆ పైది నేను పెట్టుకుంటాను’ అని రాసిస్తాడు. దానికి బడ్జెట్‌లో కొంత శాతం ఫీజు తీసుకుంటాడు. 1950లో లండన్‌లో రాబర్ట్ గారెట్ ఫిల్మ్ ఫైనాన్సెస్ అనే కంపెనీ పెట్టి ఈ పద్ధతిని ఒక వ్యాపారంగా నిలబెట్టారు. 1962లో వచ్చిన మొదటి జేమ్స్ బాండ్ సినిమా ‘డాక్టర్ నో’కు గ్యారంటీ ఇచ్చింది ఆ కంపెనీయే. జమైకాలోనూ, మీ ఇంటి పక్కనున్న పైన్‌వుడ్‌లోనూ తీశారు. ఖర్చు బడ్జెట్ దాటింది. గ్యారంటీ కంపెనీ నిర్మాణం మీద అదుపు తన చేతుల్లోకి తీసుకుంది. ఆ తర్వాత ఆ సినిమా ఏమైందో ప్రపంచానికి తెలుసు. కానీ ఆ రోజు లెక్కలు చూసిన మనిషికి అది తెలియదు. జమైకా నుంచి వచ్చిన బిల్లులే అతని ముందున్నవి.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఈ పనిలో నేను నేర్చుకున్న వాటిలో ఎక్కువ భాగం దానివల్లే. అప్పట్లో నేను ఒక గ్యారంటీ కంపెనీలో చేరి రెండేళ్లయింది. స్కాట్లాండ్ ఉత్తరాన తీసే ఒక చిన్న సినిమా నా బల్ల మీదికి వచ్చింది. బడ్జెట్ ప్రతి గీతా చూశాను. హోటళ్లు, జనరేటర్, రాత్రి పనికి అదనపు కూలీ, అన్నీ సరిపోయాయి. అనుకోని ఖర్చుల కోసం పదిశాతం కంటింజెన్సీ ఉంది. సరే అని సంతకం పెట్టాను. అందులో పన్నెండు రాత్రుల షూటింగ్ ఉంది, నెల జూన్. జూన్‌లో ఆ ప్రాంతంలో సరైన చీకటి నాలుగైదు గంటలు కూడా ఉండదు. పది గంటల పని అనుకుని వేసిన షెడ్యూల్ అది. అంకెలు చూశాను గానీ నెల చూడలేదు. పన్నెండు రాత్రులు పద్దెనిమిదయ్యాయి. కంటింజెన్సీ అంతా అక్కడే కరిగిపోయింది. పై ఖర్చు మా కంపెనీ భరించింది. మా పెద్దాయన తిట్టలేదు. స్క్రిప్టు నా చేతికిచ్చి, ప్రతి సీను పక్కన అది తీసే రోజు సూర్యాస్తమయం టైము రాసుకురమ్మన్నారు. ఇప్పటికీ రాస్తున్నాను.

ఇది చెప్పింది మీకు భయం పుట్టించడానికి కాదు. మీ సీఏ చదువు మీకు గొప్ప బలం. కానీ ఆడిట్‌లో మనం జరిగిపోయిన ఖర్చును చూస్తాం. ఇక్కడ జరగబోయేదాన్ని చూడాలి. శుక్రవారం వచ్చే కాస్ట్ రిపోర్టులో బడ్జెట్ ఎంత, ఇప్పటికి ఎంతైంది అన్న గడులు ఎవరైనా నింపుతారు. పూర్తి కావడానికి ఇంకా ఎంత పడుతుంది అన్న గడి దగ్గరే మనిషి విలువ తెలుస్తుంది. ఆ అంకె సరిగ్గా వేయాలంటే సెట్టు మీద నిలబడి ఉండాలి. వాన వస్తే ఎన్ని గంటలు పోతాయో, యాభై మంది జూనియర్ ఆర్టిస్టులకు మేకప్, డ్రెస్సులు అయ్యేసరికి ఎన్నింటికి మొదటి షాట్ పడుతుందో కళ్లతో చూసి ఉండాలి.

అందుకే నేరుగా ఫండ్ ఆఫీసులకు దరఖాస్తులు పెట్టవద్దంటాను. ముందు ప్రొడక్షన్ అకౌంట్స్ గదిలోకి వెళ్లండి. ట్రైనీగానో, అసిస్టెంట్ అకౌంటెంట్‌గానో, క్యాషియర్‌గానో. సీఏ చదివి పెట్టీ క్యాష్ రసీదులు అతికించడమా అని మనసు ముడుచుకుంటుంది, నిజమే. జీతం కూడా హైదరాబాద్‌లో మీ హోదాకు తగ్గట్టు అనిపించదు. మీ చదువు చూసి కొందరు ‘ఈమె ఇక్కడ నిలవదు’ అని పక్కన పెట్టవచ్చు. అలాంటప్పుడు ఉత్తరంలోనే నేరుగా రాయండి: ఈ పని కింద నుంచి నేర్చుకోవాలని వస్తున్నాను అని. మీకు దగ్గర్లోనే బీకన్స్‌ఫీల్డ్‌లో నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్ ఉంది. ప్రొడక్షన్ అకౌంటింగ్‌కు ప్రత్యేకంగా కోర్సు నడుపుతుంది. స్క్రీన్‌స్కిల్స్ అనే సంస్థ శిక్షణలు కూడా చూడండి.

ఇక్కడ మీకు తెలియకుండానే ఒక వీలు కలిసొచ్చింది. ప్రొడక్షన్ అకౌంట్స్ పనంతా దాదాపు ఫ్రీలాన్సే. ఒక సినిమా అయిపోగానే ఇంకో కంపెనీ, ఇంకో సినిమా. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇది చాలా కష్టం, ఎందుకంటే ఆ వీసా ఒక్క స్పాన్సర్ కంపెనీకి కట్టేసి ఉంటుంది. డిపెండెంట్ భార్యకో, భర్తకో ఆ కట్టు లేదు. సొంతంగా, ఫ్రీలాన్స్‌గా కూడా పని చేసుకోవచ్చు. మావారి వెంట వచ్చానని మీరు కొంచెం చిన్నబుచ్చుకుంటూ రాసినట్టనిపించింది. ఈ పనికి సంబంధించినంతవరకూ మీ వీసా ఆయన వీసా కంటే మెరుగైనది. కాకపోతే ఆయన ఉద్యోగం మారితే మీ వీసా మీద ఏం ప్రభావం ఉంటుందో ఇద్దరూ కూర్చుని ముందే చూసుకోండి.

మూడు నాలుగు సినిమాలు చేశాక గ్యారంటీ కంపెనీయో, బ్యాంకు మీడియా విభాగమో మీ తలుపు తట్టే అవకాశం ఉంటుంది. ఆలోగా సాయంత్రాలు ఒప్పందాలు చదవడం నేర్చుకోండి. కథ హక్కులు రచయిత నుంచి నిర్మాత దాకా తెగకుండా వచ్చాయా అని చూపించే కాగితాల వరుసను ఇక్కడ చైన్ ఆఫ్ టైటిల్ అంటారు. పొలం కొనేముందు మనవాళ్లు లింకు డాక్యుమెంట్లు చూస్తారే, అదే. అందులో ఒక్క లింకు లేకపోయినా బ్యాంకు పైసా వదలదు.

ఈ రంగంలో పైకొచ్చినవాళ్ల జీవితాలు కూడా చదవండి, పడిపోయిన చోట నెమ్మదిగా చదవండి. జేక్ ఎబర్ట్స్ కెనడాలో పుట్టారు. చదివింది కెమికల్ ఇంజినీరింగ్, తర్వాత హార్వర్డ్‌లో ఎంబీఏ. లండన్‌లో ఫైనాన్స్ ఉద్యోగం చేస్తూ 1977లో గోల్డ్‌క్రెస్ట్ అనే సినిమా కంపెనీ పెట్టారు. ఎవరూ డబ్బు పెట్టడానికి ముందుకు రాని ‘గాంధీ’కి మొదట్లో చేయందించిన వాళ్లలో ఆయన ఒకరు. మన ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ కూడా ఆ సినిమాలో డబ్బు పెట్టింది. 1983లో దానికి ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. ఆ ఏడాది చివరికి ఎబర్ట్స్ కంపెనీ వదిలి వెళ్లారు. ఆ తర్వాత కంపెనీ ‘రెవల్యూషన్’, ‘అబ్సల్యూట్ బిగినర్స్’, ‘ది మిషన్’ అనే మూడు పెద్ద సినిమాలను దాదాపు ఒకేసారి నెత్తికెత్తుకుంది. ఖర్చులు దాటాయి. ఎబర్ట్స్‌ను 1985లో వెనక్కి పిలిచారు గానీ అప్పటికే ఆలస్యమైంది. ‘ది మిషన్’కు 1986లో కాన్స్‌లో అత్యున్నత బహుమతి వచ్చింది, అయినా కంపెనీ నిలబడలేదు. ఎబర్ట్స్ మాత్రం ఆగలేదు. 2012లో చనిపోయేవరకూ సినిమాలకు డబ్బు సమకూరుస్తూనే ఉన్నారు. నాకు ఆయనలో నచ్చేది ఆస్కార్లు కావు. మునిగిపోతున్న కంపెనీకి, పిలవగానే తిరిగి రావడం.

ప్రభుత్వ రాయితీ మీద మొత్తం బరువు వేస్తే ఏమవుతుందో 2004 ఫిబ్రవరిలో ఈ దేశం చూసింది. పన్ను నిబంధనల్లో ఒక సందు రాత్రికి రాత్రి మూసేశారు. ‘ట్యులిప్ ఫీవర్’ అనే సినిమా షూటింగ్ మొదలయ్యే ముందు ఆగిపోయింది. నటులు ఖాయమయ్యారు, సెట్లు లేచాయి, డబ్బు లేదు. ఆ కథ చాలా ఏళ్ల తర్వాత, వేరే నటులతో, 2017లో తెరమీదికి వచ్చింది.

మీ నాన్నగారి విషయం. ఆయన కోపాన్ని మూర్ఖత్వంగా చూడకండి. ఆ రెండెకరాలు ఆయన తమ్ముడివి, తండ్రి ఇచ్చినవి. అయితే బాబాయిగారి డబ్బు ఎలా పోయిందో ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా కూర్చుని అడిగారా? ఆయన ఏరియాను ఔట్‌రైట్‌గా, అంటే హక్కులన్నీ పూర్తిగా కొన్నారా, ఎన్‌ఆర్‌ఏనా (వెనక్కి ఇవ్వక్కర్లేని అడ్వాన్స్), మామూలు అడ్వాన్స్ మీదనా? అడ్వాన్స్ అయితే సినిమా ఆడనప్పుడు మిగతాది వెనక్కి అడిగే హక్కుంటుంది. దానికి కాగితం ఉందా? ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు బాబాయిగారినే అడగండి, తప్పు పట్టే గొంతుతో కాకుండా, పని నేర్చుకునే పిల్లగా. ఇన్నేళ్లలో ఆయన్ను ఆ ప్రశ్న ఎవరూ అలా అడిగి ఉండరు. ఆయన చెప్పింది రాసుకుని, లండన్ పద్ధతిలో అయితే ఆయన డబ్బు ఏ తూము దగ్గర ఉండేదో మీ నాన్నగారికి గీసి చూపించండి. సినిమాల్లో చేరుతున్నాను అంటే ఆయన లేచి వెళ్లిపోతారు. తమ్ముడిలాంటి వాళ్ల డబ్బుకు కాపలా ఉండే పని నేర్చుకుంటున్నాను అంటే కూర్చుంటారని నా నమ్మకం. అది మీ పని గురించి అక్షరాలా నిజం కూడా.

ఇక ఆ దర్శకుడికి కోపంగా ఏమీ చెప్పక్కర్లేదు. డబ్బు తేలేనని చెప్పి, ఆయన సినిమాకు లెక్కలు చూసిపెడతానని అడగండి, తక్కువ జీతానికైనా సరే, ఒప్పంద పత్రం మీద. ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు వేయండి. కథ హక్కుల కాగితాలు ఎవరి దగ్గరున్నాయి? ట్యాక్స్ క్రెడిట్‌ను ఇప్పటికే ఎవరికైనా తాకట్టు పెట్టారా? వచ్చిన డబ్బు ఏ వరుసలో పంచుతారో రాసిన కాగితం చూపిస్తారా? మొదటి రెండింటికీ ఏదో ఒక జవాబు వస్తుంది. మూడోదానికి ఆయన ఏమన్నారో నాకు తప్పకుండా రాయండి.